తాతగారి ట్రంకు పెట్టెలో జర్మన్ బకిల్

ప్రశ్న: మా తాతగారు ఇంగ్లీషోళ్ళ కాలంలో మిలట్రీలో చేశారండి. మొన్న అటక మీద ట్రంకు పెట్టె దింపితే గద్ద బొమ్మున్న ఇనప బెల్టు బకిల్ దొరికింది, పైన గాట్ మిట్ ఉన్స్ అని ఉంది, గద్ద కాళ్ళ కింద స్వస్తిక్ ఉంది. అమ్మ అది చూసి బొట్టు పెట్టి దేవుడి గూట్లో పెట్టేసింది. ఇది నిజంగా జర్మన్ వాళ్ళదేనా, చింతపండుతో తోమొచ్చా?
– ఒక పాఠకుడు, రాజోలు

జవాబు: ముందు ఆ తోమే పని మానుకోండి బాబూ, దణ్ణం పెడతాను. చింతపండు ఇత్తడి బిందెలకి బానే ఉంటుంది గానీ ఈ బకిల్ మీద ఆకుపచ్చ కలిసిన బూడిద రంగు ఎక్కడైనా మిగిలుంటే అదే దాని ప్రాణం, అది పోయిందంటే మళ్ళీ రాదు. మెత్తటి పొడి గుడ్డతో దుమ్ము తుడవండి చాలు.

మీరు చెప్పిన గుర్తులు జర్మన్ ఆర్మీ సిపాయి బకిల్‌వే. గాట్ మిట్ ఉన్స్ అంటే దేవుడు మనతో ఉన్నాడు అని, ఈ మాట హిట్లర్ పెట్టింది కాదు, 1847 నుంచే ప్రష్యా సైనికుల బకిల్స్ మీద ఉంది, గద్ద కాళ్ళ కింద స్వస్తిక్ వచ్చింది మాత్రం 1936లో. మొదట్లో అల్యూమినియంతో చేసేవాళ్ళు, రెండో ప్రపంచ యుద్ధం ముదిరాక ఉక్కు రేకుకి దిగారు, కాబట్టి మీది ఇనప రకం అంటే యుద్ధం రోజులదే అయ్యుండొచ్చు. వెనక చిన్న తోలు ముక్క ఉందేమో చూడండి, ఉంటే దాని మీద తయారుచేసినవాళ్ళ పేరూ సంవత్సరమూ అచ్చు కనపడొచ్చు. ల్యూడెన్‌షైడ్ అనే ఊరి పేరుంటే ఆశ్చర్యపోకండి, గుండీలూ బకిల్సూ చేసే కార్ఖానాలు అక్కడే ఎక్కువ.

ఇక తాతగారికి ఎలా వచ్చింది అనేదే నాకు అసలైన ప్రశ్న. పెట్టెలో ఆరు మూలల నక్షత్రం మెడల్ ఉందా? ఇటలీ స్టార్ అని ఉంటే ఆయన 1943-45 మధ్య ఇటలీ వైపు ఉన్నట్టే, ఆఫ్రికా స్టార్ అయితే 1940-43 మధ్య ఉత్తరాఫ్రికా వైపు. బర్మా స్టార్ ఒక్కటే ఉంటే అక్కడ ఎదురుగా ఉన్నది జపాన్ వాళ్ళు కదా, అప్పుడీ బకిల్ వేరే ఎవరి దగ్గరో తీసుకుని ఉండాలి. మనవాళ్ళు అంత దూరం వెళ్ళారా అనుకోకండి, ఇటలీలో మూడు ఇండియన్ డివిజన్లు పోరాడాయి, 1944లో కసీనో కొండ దగ్గర నాలుగో డివిజన్ ఎంతమందిని పోగొట్టుకుందో. మన తాడేపల్లిగూడెం దగ్గరి మిలట్రీ మాధవరం నుంచి రెండు ప్రపంచ యుద్ధాలకీ వెళ్ళారు. ఇంట్లో పెద్దవాళ్ళు ఉండగానే అడిగి, ఎవరు చెప్పారో ఏ తారీఖున చెప్పారో కూడా కాగితం మీద రాసి బకిల్‌తో పాటే ఉంచండి, ఆ కాగితం లేకపోతే అది వట్టి ఇనప ముక్కే.

అమ్మగారికి మెల్లగా చెప్పండి. మన గుమ్మం మీద వేసుకునే స్వస్తిక్ వేరు, ఆ గద్ద పట్టుకున్న గుర్తు వేరు. దాని కింద హిట్లర్ నాజీలు 60 లక్షల మంది యూదుల్ని చంపారు, పసిపిల్లలతో సహా. ఆవిడ భక్తితో చేశారు, తప్పు పట్టకండి, కానీ గూట్లోంచి తీసి తాతగారి ఫోటో దగ్గర బీరువాలో పెట్టించండి. మన కోనసీమ తేమకి తోలుకి బూజు పట్టేస్తుంది, ప్లాస్టిక్ కవర్లో బిగించకుండా కాటన్ గుడ్డలో చుట్టి, చెప్పుల డబ్బాల్లో వస్తాయే ఆ సిలికా పొట్లాలు రెండు పక్కన పడెయ్యండి.

ప్రశ్న: ఆన్‌లైన్లో ఎస్.ఎస్. వాళ్ళ బకిల్ నాలుగు వేలకే ఇస్తానంటున్నాడు. కొనమంటారా?
– భీమవరం

జవాబు: వద్దు. ఎస్.ఎస్. అంటే హిట్లర్ నాజీ పార్టీ సాయుధ దళం, నకిలీలు విపరీతంగా వచ్చేది ఆ రకంలోనే. దాని మీద మైనె ఎహ్రె హైస్ట్ ట్రాయె, అంటే నా గౌరవం పేరే విధేయత అని ఉంటుంది, ఆ మాట కట్టుకున్నవాళ్ళే చావు శిబిరాలు నడిపారు, అలాంటిది సరదాకి కొనేది కాదని నా గట్టి అభిప్రాయం. సేకరించాలనే ఉంటే మామూలు జర్మన్ ఆర్మీ దానితో మొదలెట్టండి, అదీ చేత్తో పట్టుకుని చూశాకే. ఉక్కు రేకుని అచ్చు మీద కొట్టి చేసినదైతే ముందున్న బొమ్మ వెనక గుంటగా కనపడుతుంది, గద్ద ఈకలు పదునుగా ఉంటాయి, పోతపోసిన నకిలీలో గీతలన్నీ కరిగిపోయినట్టుంటాయి. అయస్కాంతం అంటుకుంది కాబట్టి అసలుది అనుకోకండి, ఇవాళ చేసిన ఇనుమూ అంటుకుంటుంది.

ప్రశ్న: మా అబ్బాయి జర్మనీలో ఎమ్మెస్ చేస్తున్నాడు. మా దగ్గరున్న బకిల్ వాడితో పంపి అక్కడ అమ్మించొచ్చా?
– యానాం

జవాబు: పిల్లాడి సూట్‌కేసులో అస్సలు పెట్టకండి. అక్కడి శిక్షాస్మృతి 86ఎ సెక్షన్ ప్రకారం నాజీ గుర్తుని పబ్లిక్‌గా చూపించడం నేరం, జరిమానా గానీ మూడేళ్ళ దాకా జైలు గానీ పడొచ్చు. చదువు, పరిశోధన, మ్యూజియంలకి మినహాయింపు ఉంది, మీవాడు ఆ లెక్కలోకి రాడు. బకిల్ యానాంలోనే ఉండనివ్వండి.