ఒక్క హిందీ పాటకి అంత జనం రారండి

ప్రశ్న: జుబీన్ గార్గ్ అనే సింగర్ చనిపోయినప్పుడు గువాహటి రోడ్ల మీద లక్షల మంది జనం ఉన్న వీడియోలు చూశాను. నాకైతే ఆయనది 'యా అలీ' ఒక్కటే తెలుసు. ఒక్క హిట్ సాంగ్‌కే అంతమంది వస్తారా? అసలు ఎవరీయన?
– ఒక పాఠకుడు, ఏలూరు

జవాబు: మీకు ఆ ఒక్క పాటే తెలియడంలో తప్పేం లేదండి, అస్సాం పాట మనదాకా రావాలంటే ముంబై మీదుగా రావాల్సిందే కదా. 2006లో 'గ్యాంగ్‌స్టర్' సినిమాలో ప్రీతమ్ మ్యూజిక్‌కి పాడారు, దేశమంతా మోగిపోయింది. కానీ అప్పటికే 14 ఏళ్లుగా ఆయన అస్సాంలో పెద్ద స్టార్. 1992లో 'అనామిక' అని క్యాసెట్ వచ్చింది, అప్పటికి ఆయనకి ఇరవై ఏళ్లు కూడా సరిగ్గా లేవు, అక్కడి కుర్రాళ్లంతా ఆ గొంతుకి పడిపోయారు.

పుట్టింది 1972లో, మేఘాలయలోని తురాలో. ఇంటిపేరు బర్‌ఠాకూర్. పాశ్చాత్య సంగీత కండక్టర్ జుబిన్ మెహతా మీద అభిమానంతో ఇంట్లోవాళ్లు ఆ పేరు పెడితే, ఈయన గోత్రం పేరు గార్గ్ దాని పక్కన తగిలించుకున్నారు. అమ్మ ఇలీ బర్‌ఠాకూర్ పాడేవారు, మొదటి పాఠాలు ఆవిడ దగ్గరే. తర్వాత ఏళ్ల తరబడి తబలా నేర్చుకున్నారు, ఆయన పాటల్లో తాళం మీద ఉండే పట్టు అక్కడినుంచే వచ్చిందని నేననుకుంటా.

ఇక్కడ ఒక విషయం మనం అర్థం చేసుకోవాలి. మనకి పాట అంటే సినిమా పాటే, సినిమాలో ఛాన్స్ రాకపోతే సింగర్‌కి బతుకే లేదు. అస్సాంలో అలా కాదు, అక్కడ సినిమా ఇండస్ట్రీ చిన్నది, థియేటర్లూ తక్కువ, కాబట్టి 90ల్లో సింగర్ నిలబడింది క్యాసెట్ల మీదా, అస్సాం వాళ్ల పండగ బిహు స్టేజీల మీదా. ఏప్రిల్ మధ్యలో రొంగాలీ బిహు మొదలైతే ఊరూరా ప్రోగ్రాములే, ఆ మైదానాన్ని బిహుతొలి అంటారు, జుబీన్ వస్తాడంటే జనం అర్ధరాత్రి దాటినా కదలకుండా కూర్చునేవాళ్లు, ఆయన వచ్చి రెండు పాటలు పాడి మధ్యలో ఆపేసి వాళ్లతో కబుర్లు చెప్పి మళ్లీ అందుకునేవారు, పల్లవి సగం జనమే పాడేసేవాళ్లు. ఏటా ఇదే. తెర మీద చూసిన మనిషికీ ఏటా మన ఊరు వచ్చే మనిషికీ చాలా తేడా ఉంటుందండి.

'యా అలీ' తర్వాత ముంబైలోనే సెటిల్ అయిపోవచ్చు, అందరూ చేసేది అదే. ఈయన గువాహటిలోనే ఉండి అస్సామీ పాటలు పాడారు, ట్యూన్లు కట్టారు, సినిమాలు తీశారు. నాకు ఆయన మీద గౌరవం ఉన్నది ముఖ్యంగా ఇందుకే. అలాగని హిందీ మీద కోపమూ లేదు, బిహు స్టేజీ మీద హిందీ పాటలు పాడొద్దని అస్సాం సాయుధ వేర్పాటువాద సంస్థ ఉల్ఫా హుకుం జారీ చేస్తే ఒప్పుకోలేదు. తుపాకులున్న వాళ్లకి ఎదురు చెప్పడం అంటే మాటలు కాదు. 2019లో పౌరసత్వ సవరణ చట్టానికి వ్యతిరేకంగా అస్సాం రోడ్డెక్కితే జనంతో పాటే నిలబడ్డారు, 2021లో కరోనా టైంలో తన ఇల్లు కొవిడ్ సెంటర్‌గా వాడుకోమని ఇచ్చారు.

2025 సెప్టెంబర్ 19న సింగపూర్‌లో సముద్రంలో ఈతకి దిగి చనిపోయారు, 52 ఏళ్లే. 23న గువాహటి దగ్గర సోనాపూర్‌లో ప్రభుత్వ లాంఛనాలతో అంత్యక్రియలు. తను పోతే అస్సాం అంతా తన పాట 'మాయాబిని' పాడాలని ఆయనే ఒకసారి స్టేజీ మీద అన్నారు, జనం నిజంగానే పాడారు. మీరు చూసిన వీడియోల్లో వినిపించే పాట చాలావరకు అదే.

ప్రశ్న: ఆయన చెల్లెలు కూడా సింగరేనటగా?

జవాబు: అవును, జొంకీ. పాడేది, నటించేది కూడా. 2002లో ప్రోగ్రాంకి వెళ్తుంటే రోడ్డు ప్రమాదంలో పోయింది. ఆమె జ్ఞాపకంగా 'శిశు' అని ఆల్బమ్ చేశారు.

ప్రశ్న: అస్సామీ రాదు. ఏది ముందు వినాలి?

జవాబు: 'మాయాబిని'తో మొదలుపెట్టండి, నిదానంగా సాగే మెలొడీ, భాష రాకపోయినా ఇబ్బంది ఉండదు. తర్వాత 'అనామిక' ఆల్బమ్ వినండి, కుర్రతనం గొంతు తెలుస్తుంది. ఆ రెండూ నచ్చితే బిహు పాటల్లోకి వెళ్లండి, కానీ స్టూడియో రికార్డింగ్ కాకుండా స్టేజీ వీడియోలే చూడండి, సౌండ్ బాగోకపోయినా పర్లేదు, ఎందుకంటే జనం గొంతు కూడా వినిపిస్తేనే ఆ పాట పూర్తిగా విన్నట్టు. 2025 అక్టోబర్ 31న ఆయన ఆఖరి సినిమా 'రొయ్ రొయ్ బినాలె' రిలీజైంది, అందులో ఆయన చూపులేని సింగర్‌గా చేశారు, దొరికితే అదీ చూడండి.