జీతాల సర్వే: సీటీసీ రాయాలా, గ్రాస్ రాయాలా?

బెంగళూరులోని మీ డే కేర్ సర్జరీ సెంటర్‌కి జీతాల సర్వే ఫారం వచ్చిందనీ, నర్సుల గడిలో సీటీసీ (ఒక ఉద్యోగి మీద సంస్థకయ్యే మొత్తం ఖర్చు) వేయాలో గ్రాస్ (కోతలకు ముందు జీతం) వేయాలో తేలడం లేదనీ అడిగారు కదండీ. టెన్షన్ పడకండి. ఫారం మొదట్లో నిర్వచనం ఉందేమో చూడండి, లేకపోతే పంపినవాళ్లకే ఫోన్ చేయండి. ఊహించి మాత్రం రాయొద్దు. సీటీసీలో యజమాని వాటా పీఎఫ్, గ్రాట్యుటీ కూడా కలుస్తాయి. అది గ్రాస్ గడిలో పడితే సగటు అబద్ధం చెబుతుంది. ఈఎస్ఐకి యజమాని కట్టే 3.25 శాతం కూడా జీతం కాదు, బెనిఫిట్స్‌లో చూపండి.

నిజానికి చిక్కంతా హోదాల దగ్గరే. మనలాంటి చిన్న సెంటర్లలో పొద్దున ఆపరేషన్ థియేటర్‌లో స్క్రబ్ చేసిన (సర్జన్‌కి పరికరాలు అందించిన) సిస్టరే మధ్యాహ్నం రికవరీలో పేషెంట్లని చూస్తుంది. పెద్దాసుపత్రుల లెక్కలో అవి రెండు ఉద్యోగాలు. ఎక్కువ గంటలు ఏ పనికి పోతున్నాయో డ్యూటీ రోస్టర్‌లో చూసి, ఆ హోదా కింద ఒక్కసారే వేయండి. రెండో పని రిమార్క్స్‌లో రాయండి. కేసుకింత అని తీసుకునే అనస్థీషియా డాక్టర్లని జీతాల పట్టికలోకి తేవద్దు.

పేర్లు, ఎంప్లాయీ కోడ్‌లు అసలు పంపకండి. ఒక హోదాలో ఒక్కరే ఉంటే, పేరు లేకపోయినా ఆ జీతం ఎవరిదో తెలిసిపోతుంది. కనీసం ఎన్ని సెంటర్ల అంకెలు కలిస్తే సర్వేవాళ్లు ఫలితాలు బయటపెడతారో ముందే మెయిల్‌లో రాయించుకోండి.