అటక మీద దొరికిన చేతి తూటాలు: బావిలో పారేస్తే సరిపోతుందా?

ప్రశ్న: లాయర్ సార్, మాది చంద్రగిరి పక్కన పల్లె. మా తాతకి లైసెన్సున్న 12 బోర్ డబల్ బ్యారెల్ తుపాకి ఉండేది, 2009లో ఆయన పోయినాక మా నాయన దాన్ని స్టేషన్లో అప్పజెప్పేసినాడు. నాయన కరోనాలో పోయినాడు. మొన్న ఉగాది ముందర పాత మిద్దె పడగొడతా ఉంటే అటక మీద ట్రంకు పెట్టెలో 40 దాకా తూటాలు కనిపించినాయి. కొన్ని కంపెనీవి, మిగతావి ఇత్తడి గొట్టాల్లో ఎవరో చేత్తో మందు కూరి పైన మైనం పోసినవి, ఎవరు చేసినారో ఇంట్లో ఎవరికీ తెలీదు. తాత పరువు పోతుందని అమ్మ ఒకటే ఏడుపు. తమ్ముడు బావిలో పారేద్దాం అంటాడు. చిన్నాయన ఏమో పక్కూర్లో లైసెన్సు తుపాకి ఉన్నాయనకి ఇచ్చేద్దాం, చెనిక్కాయల చేలో పడే పందులకి పనికొస్తాయి అంటాడు. ఒకటి విప్పి చూసినాం, నల్ల పొడి ఉంది. తాత పోయి ఇన్నేళ్లయింది, మూడేళ్లు దాటితే కేసు నిలవదంట కదా? కావాలంటే తిరుపతికి మీ ఆఫీసుకే తెచ్చి చూపిస్తా.

జవాబు: ముందు ఆఖరి మాటకి జవాబు. తేవద్దు. నా ఆఫీసుకే కాదు, ఎక్కడికీ తేవద్దు. ఇంట్లో ఉన్న సరుకు అది ఎట్లా వచ్చిందో చెప్పుకోడానికి ఒక దారి ఉంది, అదే సరుకు బస్సులో మీ సంచిలో దొరికితే ఏం చెప్తారు, అలిపిరి చెకింగ్‌లోనో రేణిగుంటలోనో పట్టుబడినాక తాత కథ వినే ఓపిక ఎవరికీ ఉండదు.

మీరు రాసిన దాంట్లో సగం తాత పరువు గురించే ఉంది. పోయినాయన మీద కేసు ఉండదు, ఆయన గురించి దిగులు వదిలేయండి. ఈ వ్యవహారం తేలేది ఒక్క విషయం మీద. ఆ పెట్టెలో తూటాలున్నాయని మీకు ఏ రోజు తెలిసింది, ఆ రోజు నుంచి ఈ రోజు దాకా మీరేం చేసినారు. అంతే. ఆయుధాల కేసుల్లో ఊరికే వస్తువు ఇంట్లో ఉండటం సరిపోదు, ఉందని తెలిసి ఉండాలి, దాని మీద మీ అదుపు ఉండాలి, 1972లో గుణవంత్‌లాల్ కేసులో, 1994లో సంజయ్ దత్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది ఇదే. కాబట్టి అటక మీద అవి ఎన్నేళ్లున్నా మీకు తెలియనంత కాలం అది మీ తప్పు కాదు. పెట్టె మూత తీసి చూసిన రోజు నుంచి లెక్క మీ మీదకి వచ్చింది. ఎయిర్‌పోర్టులో బ్యాగులో ఒక బుల్లెట్ దొరికితే హైకోర్టు కేసు కొట్టేసిందని వాట్సాప్‌లో తిరిగే మెసేజ్‌లు నమ్ముకోవద్దు, అట్లాంటివి బ్యాగులో ఉన్నట్టు తెలియదు అన్న వాదన మీద నిలిచినవి, మీరు ఫోటోలు తీసి నాకే పంపినారు, తెలియదని ఏ నోటితో అంటారు?

ఆయుధాల చట్టం సెక్షన్ 21 ఏమంటుందంటే, ఏ కారణం చేతనైనా తూటాలు దగ్గర పెట్టుకోవడం చట్టబద్ధం కాకుండా పోతే, అనవసరమైన ఆలస్యం లేకుండా దగ్గర్లోని పోలీస్ స్టేషన్ ఆఫీసర్‌కి గానీ లైసెన్సున్న డీలర్‌కి గానీ అప్పగించాలి. అనవసరమైన ఆలస్యం లేకుండా, ఈ ముక్క మళ్లీ చదవండి. ఉగాదికి దొరికితే కార్తీకమాసంలో నన్ను అడుగుతున్నారు! వారం లోపల ఒక కాగితం రాసిచ్చి ఉంటే ఇది పది నిమిషాల పని. ఇప్పుడు మిమ్మల్ని మొట్టమొదట అడిగేది ఈ ఎనిమిది నెలలు ఏం చేసినారు అనే, దానికి నిజమైన జవాబు తయారుగా పెట్టుకోండి. భయపడినాం, ఎవర్ని అడగాలో తెలీలేదు అన్నది నిజమైతే అదే చెప్పండి, కొత్త కథ అల్లొద్దు. ఇంకో మాట, ఫోన్‌లో ఫోటోలు, ఫ్యామిలీ గ్రూపులో పెట్టిన మెసేజ్‌లు ఏవీ డిలీట్ చేయొద్దు. అవి మీకు తెలిసిన తేదీని చూపిస్తాయి నిజమే, కానీ పెట్టె పాత మిద్దెలో దొరికిందని, దుమ్ము పట్టి ఉందని, మీరు కొన్నవి కాదని చూపించేవీ అవే. డిలీట్ చేస్తే రెండోది పోతుంది, మొదటిది పోదు, గ్రూపులో వేరే వాళ్ల ఫోన్లలో ఉంటుంది కదా.

మూడేళ్ల సంగతి. మీకు చెప్పినాయన పాత లెక్క చెప్పినాడు. లైసెన్సు లేకుండా తూటాలు పెట్టుకుంటే సెక్షన్ 25(1బి) కింద ఒకప్పుడు గరిష్ఠంగా మూడేళ్ల శిక్ష, అప్పట్లో మూడేళ్ల లిమిటేషన్ (కోర్టు కేసు తీసుకోడానికి ఉండే గడువు) అనే వాదనకి చోటుండేది. 2019 డిసెంబర్ సవరణతో అది రెండేళ్ల నుంచి ఐదేళ్లయింది, జరిమానా కూడా. మూడేళ్లకి మించి శిక్ష పడే నేరాలకి బీఎన్ఎస్ఎస్ (పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన చట్టం) సెక్షన్ 514లో గడువే లేదు. పైగా దగ్గర పెట్టుకోవడం అనేది ఒక రోజు జరిగి అయిపోయే నేరం కాదు, ఉన్నన్ని రోజులూ జరుగుతా ఉండేది, కాబట్టి తాత పోయిన 2009కీ మీ గడువుకీ సంబంధమే లేదు.

ఇంక చిన్నాయన సలహా. ఈ మాట గట్టిగానే చెప్తున్నా, ఆ పని చేసినారంటే నేను కూడా మిమ్మల్ని కాపాడలేను. ఆ పక్కూరాయనకి లైసెన్సు ఉంది కాబట్టి పర్వాలేదనుకుంటారేమో, ఆయన లైసెన్సు ఆయన డీలర్ దగ్గర లెక్కగా కొన్న తూటాలకి, మీ అటక మీద సరుకుకి కాదు. లైసెన్సు లేని మీరు ఇంకొకరికి ఇవ్వడం సెక్షన్ 5 కిందకి పోతుంది, దానికి ఇప్పుడు ఏడేళ్ల నుంచి యావజ్జీవం దాకా ఉంది. దానితో అనుమతి లేకుండా అడవి పందిని కొడితే 1972 వన్యప్రాణి చట్టం కింద ఇంకో కేసు. ఇదంతా ఒక ఎత్తు, ఆయన చెయ్యి పోతే ఎవరు జవాబు చెప్తారు? చేత్తో నింపిన తూటాలో ఏ మందుందో, ఎంతుందో పైకి చూస్తే ఎవరికీ తెలీదు. నల్ల తుపాకి మందు (బ్లాక్ పౌడర్) కొలతతో పొగరాని నైట్రో మందు నింపి ఉంటే ప్రెషర్ ఎన్నో రెట్లు ఎక్కువై బ్యారెలే పగులుతుంది, తుపాకి మొహం దగ్గరే ఉంటుంది. ఇంకొకడు నింపిన తూటాని తెలిసిన షూటర్ ఎవడూ పేల్చడు. పాతవి కదా చచ్చిపోయి ఉంటాయి అనుకోవద్దు, తేమ తగలకుండా ఉంటే నల్ల తుపాకి మందు దశాబ్దాలైనా పనిచేస్తుంది.

తమ్ముడి బావి కూడా అంతే. నీళ్లలోనో నూనెలోనో నానితే చచ్చిపోతాయన్న గ్యారంటీ లేదు, రేపు పూడిక తీసే కూలీకో ఆడుకునే పిల్లోడికో దొరుకుతాయి. పారేసినాక బయటపడితే సాక్ష్యం మాయం చేసినారని ఇంకో సెక్షన్ కలుపుతారు, అప్పుడు మీ మంచి ఉద్దేశం అన్న వాదన మొత్తం కూలిపోతుంది. ఇప్పుడు మీ చేతిలో ఉన్న ఆస్తి అదొక్కటే. కాల్చొద్దు, పూడ్చొద్దు, ఇంకొకటి విప్పొద్దు. ఒకటి విప్పినారు చూడండి, అది చదివి నాకు గుండె ఆగినంత పనైంది, తూటా అడుగున మందుని అంటించే క్యాప్‌కి దెబ్బ తగిలి ఉంటే ఇప్పుడు ఈ ఉత్తరం వేరే వాళ్లు రాసేవాళ్లు.

చేయాల్సింది ఇది. పెట్టెని ఉన్నచోటే ఉంచి ఆ గదికి తాళం వేయండి, పొయ్యికి, కరెంటు బోర్డుకి, పిల్లలకి దూరంగా. చంద్రగిరి స్టేషన్ ఎస్‌హెచ్‌ఓ (స్టేషన్ ఇన్‌ఛార్జ్ ఆఫీసర్) పేరున ఒక అర్జీ రాయండి, ఇల్లు పడగొడతా ఉంటే ఫలానా తేదీన ఫలానా చోట దొరికినాయి, ఫోటో ప్రకారం ఇన్ని, వాటిలో ఒకటి విప్పినాం, వచ్చి స్వాధీనం చేసుకోమని అడుగుతున్నాం అని. విప్పింది దాచిపెడితే లెక్క తప్పుతుంది, ఆ ఒక్క తూటా మిగతా అన్నింటి మీదా అనుమానం తెస్తుంది. ఇక్కడే చాలా మంది పొరపాటు చేస్తారు, మా తాత ఇంట్లో తయారు చేసుకున్నాడు అని రాసేస్తారు. మీరు చూసినారా? లేదు కదా. తయారీ అనే మాట కూడా ఆ సెక్షన్ 5 కిందకే వస్తుంది, అప్పుడు మందు ఎక్కడిది, పనిముట్లు ఎక్కడున్నాయి, ఇంకెవరు నేర్చుకున్నారు అని ఇంటిల్లిపాదినీ అడుగుతారు. తెలిసింది రాయండి, తెలియంది తెలియదు అని రాయండి, ఊహ మాత్రం రాయొద్దు. అర్జీ మీరే, లేదా మీ తరఫున లాయర్, స్టేషన్లో ఇచ్చి రెండో కాపీ మీద తేదీతో అక్‌నాలెడ్జ్‌మెంట్ తీసుకోవాలి, అదే రోజు ఎస్పీకి, కలెక్టర్‌కి కాపీలు స్పీడ్ పోస్టులో పంపండి. పెట్టెని మీరు మోసుకుపోవద్దు, వాళ్లనే రమ్మనండి, చేతి తూటాలని ముందే చెప్తే బాంబ్ స్క్వాడ్‌ని తెచ్చుకుంటారు. వచ్చినాక వీఆర్ఓ లాంటి సాక్షుల ఎదుట పంచనామా రాయించి, కంపెనీవి ఎన్ని, చేతివి ఎన్ని అని విడివిడిగా రాసిన తర్వాతే సంతకం పెట్టండి.

ఈ లోపల తాత లైసెన్సు పుస్తకం వెతకండి. తూటాలు కొన్న ప్రతిసారీ డీలర్ అందులో తేదీ, సంఖ్య ఎక్కిస్తాడు, కంపెనీ తూటాలకి అదే మీ రుజువు. దొరక్కపోతే నాయన తుపాకి అప్పజెప్పిన రసీదు, ఎన్నికలప్పుడు తాత స్టేషన్లో డిపాజిట్ చేసిన రసీదులు ఏవైనా సరే. తిరుపతి జిల్లా 2022 ఏప్రిల్ 4న ఏర్పడింది, అంతకు ముందరి లైసెన్సు కాబట్టి ఫైలు కోసం తిరుపతి కలెక్టరేట్‌తో పాటు చిత్తూరు కలెక్టరేట్‌లో కూడా అడగండి.

ఇంత చేసినా కేసు కట్టరని నేను హామీ ఇవ్వను. కానీ సెక్షన్ 39 ప్రకారం ఈ రకం కేసు కోర్టులో నడవాలంటే జిల్లా మెజిస్ట్రేట్, అంటే కలెక్టర్, అనుమతి ఉండాలి, ఆ అనుమతి అడిగే రోజున ఫైల్లో మీరే రాసిచ్చిన అర్జీ ఉండటం, మీ ఇంట్లో సోదా చేసి పట్టుకున్నామనే రిపోర్టు ఉండటం ఒకటి కాదు. ఐదేళ్ల దాకా శిక్ష కాబట్టి మామూలుగా ముందు బీఎన్ఎస్ఎస్ 35(3) కింద నోటీసు ఇస్తారు, వస్తే తప్పించుకోకుండా పోండి. ముందస్తు బెయిల్ వేయాలా వద్దా అన్నది అర్జీ ఇచ్చిన రోజు స్టేషన్ వాళ్ల ధోరణి చూసి చెప్తా. రేపు పొద్దున ఫోటోలు, దొరికిన పాత కాగితాలు, ఆధార్ తీసుకుని, తూటాలు మాత్రం తేకుండా రండి, అర్జీ ఇక్కడే కూర్చుని రాసుకుని మధ్యాహ్నానికి స్టేషన్‌కి పోదాం.