అన్నీ వచ్చిన అమ్మాయిని ఏ కోర్సులో చేర్చాలి?

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ రెండో సంవత్సరం ఎంపీసీ చదువుతోంది. ఎనిమిదేళ్లుగా కర్ణాటక సంగీతం నేర్చుకుంటోంది. ఆరో తరగతిలో నేనే ఒక టీవీ పాటల పోటీకి తీసుకెళ్లాను. ఇప్పుడు లఘుచిత్రాల్లో నటిస్తోంది, బాణీలు కడుతోంది, ఎడిటింగ్ కూడా తనే చేసుకుంటోంది. భానుమతి గారిలా అన్నీ చేస్తానంటోంది. చదువు దెబ్బతింటుందని ఈ ఏడాది వీణను మా అత్తగారింట్లో పెట్టేశాం. బీటెక్, సంగీతంలో బీఏ, హైదరాబాద్‌లోని ఒక ప్రైవేటు ఫిల్మ్ కళాశాల, ఈ మూడింటినీ పోల్చి చెప్పగలరు. బాలు గారు కూడా ఇంజనీరింగే చదివారు కదా? అన్నీ వచ్చి ఏదీ నిలవక రెంటికీ చెడ్డ రేవడి అవుతుందేమోనని భయంగా ఉంది. – ఒక తండ్రి, ఏలూరు

జవాబు: మీరు అడిగింది మూడు కోర్సుల గురించే అయినా, మీ దిగులంతా చివరి వాక్యంలో ఉంది. ఇలాంటి ఉత్తరాలు నాకు ఏటా పరీక్షల ముందు వస్తూనే ఉంటాయి. పిల్లకు ఏమీ రాదని బాధపడే తల్లిదండ్రుల కంటే, అన్నీ వస్తున్నాయని బాధపడేవారే వాటిలో ఎక్కువ. అందుకే ర్యాంకుల సంగతి పక్కన పెట్టి, ముందు మీ అమ్మాయి పేరెత్తిన మనిషి గురించే మాట్లాడతాను.

భానుమతి గారి పేరు పక్కన నటి, గాయని, దర్శకురాలు, నిర్మాత, సంగీత దర్శకురాలు, రచయిత్రి అని ఒకే వరుసలో రాస్తారు. చదివేవారికి అవన్నీ ఒకే రోజు వచ్చిపడినట్టు అనిపిస్తుంది. సంవత్సరాలు పెట్టి చూస్తే అసలు కథ వేరు. ఒంగోలు దగ్గరి దొడ్డవరంలో 1925లో పుట్టిన ఆ అమ్మాయికి సంగీతం ఇంట్లోనే, తండ్రి పట్టుదల వల్ల అబ్బింది. 1939లో ‘వరవిక్రయం’తో తెరమీదికి వచ్చేనాటికి తెలుగులో నేపథ్యగానం ఇంకా స్థిరపడలేదు, తెరమీద కనిపించేవారే పాడుకోవాలి, కాబట్టి ఆమెకు నటనలోకి దారి చూపింది పాటేనని చెప్పవచ్చు. ‘స్వర్గసీమ’ 1945లో వచ్చింది. తర్వాత భర్త రామకృష్ణారావు గారితో కలిసి సొంత సంస్థ పెట్టారు. ‘చండీరాణి’కి మూడు భాషల్లో దర్శకత్వం వహించింది 1953లో, అంటే కెమెరా ముందు పద్నాలుగేళ్లు గడిపాక. మరుసటి ఏడు ‘చక్రపాణి’కి సంగీతం తానే చేశారు. అత్తగారి కథలు రాశారు, 1980లలో మద్రాసులో ప్రభుత్వ సంగీత కళాశాలకు ప్రిన్సిపాల్‌గా ఉన్నారు. తోటి కథానాయికలు తమ పాటలను వేరే గొంతులకు అప్పగించిన కాలంలో కూడా ఆమె తన పాట తానే పాడుకున్నారు. ఆ సంగీతమే ఆమెకు వేరు. తక్కినవన్నీ దాని నుంచి ఒక్కొక్కటిగా, ఏళ్ల ఎడంతో మొలిచిన కొమ్మలు.

‘మిస్సమ్మ’లో మొదట కథానాయిక ఆమే. కొంత చిత్రీకరణ అయ్యాక నిర్మాతతో మాట పడక ఆ వేషం సావిత్రి గారికి వెళ్లింది. అలాంటి దెబ్బకు మరొకరు కుంగిపోయేవారే. ఆమె చేతిలో మాత్రం సొంత సంస్థ ఉంది, పాట ఉంది. నాలుగు విద్యలు ఉండటం వల్ల కలిగే లాభం అదీ. అయితే ఇంట్లోనే దర్శకుడైన భర్త, సొంత స్టూడియో ఆమెకు ఎంత అండగా నిలిచాయో కూడా మీ అమ్మాయికి చెప్పండి. ఆ వసతిని ఏ కోర్సూ ఇవ్వదు.

ఇక బాలు గారు. తల్లిదండ్రులు ఈ ఉదాహరణను ఎప్పుడూ సగమే చెబుతారు. ఆయన అనంతపురంలో ఇంజనీరింగ్‌లో చేరిన మాట నిజమే; టైఫాయిడ్ వచ్చి ఆ చదువు మధ్యలో ఆగిపోయింది. తర్వాత మద్రాసులో ఇంజనీరింగ్ డిగ్రీకి సమానమైన ఏఎంఐఈలో చేరారు, 1966లో ఇరవయ్యేళ్ల వయసులో మొదటి సినిమా పాట పాడారు. డబ్బింగ్, సంగీత దర్శకత్వం, నటన ఆ గొంతు వెనకాల వచ్చినవే. ఆయన పేరు చెప్పి పిల్లలను బీటెక్‌లో చేర్చడం న్యాయం కాదు.

ప్రైవేటు ఫిల్మ్ కళాశాల గురించి నా సందేహాలు దాచుకోను. నటన, గానం, దర్శకత్వం, ఎడిటింగ్ అన్నీ ఒకేచోట నేర్పుతామనే ప్రకటన మీ అమ్మాయి లాంటి పిల్లలకోసమే రాసినట్టు ఉంటుంది, అందుకే నాకు అనుమానం. అన్నీ కొద్దికొద్దిగా వచ్చిన పిల్లకు మళ్లీ అన్నీ కొద్దికొద్దిగా నేర్పడానికి లక్షల రూపాయలు ఎందుకు? చేర్చే తీరాలనుకుంటే, అక్కడి అద్దాల గదులు చూసి తిరిగి రాకండి. మూడేళ్ల కింద చదువు ముగించినవారిలో ఓ పదిమందితో మాట్లాడించమనండి. పాఠం చెప్పేవారు రోజూ వచ్చేవారా, ఫొటోలో మాత్రమే ఉండే అతిథులా అని అడగండి. డిగ్రీ ఏ విశ్వవిద్యాలయం పేరు మీద వస్తుందో కాగితం మీద చూపించమనండి. ఇన్నేళ్లలో నేను చూసిన పిల్లల్లో ఇలాంటి కోర్సు వల్ల నిలదొక్కుకున్నవారు లేకపోలేదు. వాళ్లు ఏదో ఒక పనిలో అప్పటికే చెయ్యి తిరిగి, పరిచయాల కోసం అక్కడికి వెళ్లినవారు.

మీరు పంపిన మూడు వీడియోలూ చూశాను. ఎక్కువమంది చూసిందంటూ మీరు ముందు పెట్టిన రీల్ బాగానే ఉంది, అంతకుమించి ఏమీ లేదు. నన్ను ఆపింది రెండోది. వంటింటి గట్టు మీద ఫోన్‌లో తంబురా శ్రుతి పెట్టుకుని కీర్తన పాడుతోంది, వెనక కుక్కర్ కూత వేస్తోంది. అనుపల్లవిలో, అంటే కీర్తన రెండో భాగంలో, ఒక సంగతి (పంక్తిని మార్చి పాడే మెలిక) దగ్గర గొంతు జారింది. ఎవరూ ఏమీ అనలేదు. తానే ఆగి, తల అడ్డంగా ఊపి, మళ్లీ ఎత్తుకుంది. మూడోసారికి గానీ ముందుకు వెళ్లలేదు. లఘుచిత్రంలో మాట తడబడిన చోట అలా ఆగలేదు, నవ్వేసి దాటేసింది. తన తప్పును తాను సహించలేని పని ఏదో ఆ పిల్ల మీకు చూపించేసింది. మీరు ఆ వీడియోను ‘ఊరికే పంపుతున్నాను’ అని రాశారు!

కోప్పడుతున్నాననుకోకండి, కోప్పడుతున్నాను కూడా. పదకొండేళ్ల పిల్లను స్టూడియో దీపాల కిందికి తీసుకెళ్లి చప్పట్లు కొట్టించింది మీరు. పదిహేడేళ్లకు వీణను అత్తగారింటికి పంపిందీ మీరే. కళ మీకు గర్వంగా ఉన్నంతకాలం వరం, పరీక్ష దగ్గరపడగానే అడ్డం అయితే ఆ పిల్ల ఏమనుకోవాలి? రెండు పేజీల ఉత్తరంలో తనకు గణితం ఇష్టమో కాదో ఒక్క వాక్యం లేదు.

పోలిక అడిగారు కాబట్టి చెబుతాను, అది పెద్ద లెక్కేమీ కాదు. గణితం ఇష్టమైతే ఇంటికి దగ్గరలో, సాయంత్రాలు మిగిలే కళాశాలలో బీటెక్ తప్పేమీ కాదు. ఇష్టం లేకపోతే ఆ నాలుగేళ్లు పాటనూ తినేస్తాయి. సంగీతంలో బీఏ మంచిదే, కానీ డిగ్రీ కంటే గురువు ముఖ్యం, పైగా దాని వెంట వచ్చే ఉపాధ్యాయ పోస్టులు తక్కువ. ఇక సినిమా సంగతి. పుణెలోని ప్రభుత్వ ఫిల్మ్ శిక్షణ సంస్థ ఎఫ్‌టీఐఐలో దర్శకత్వం వంటి పీజీ కోర్సులకు ముందు ఏదో ఒక డిగ్రీ ఉండాలి. అంటే అటువైపు నిర్ణయానికి ఇంకా మూడు నాలుగేళ్ల వ్యవధి ఉంది. పదిహేడేళ్లకే తలుపులన్నీ మూసుకుపోతాయని మీరు భయపడుతున్నారు. నిజానికి కొన్ని ఇంకా తెరుచుకోనేలేదు. ఇరవై ఒకటో ఏట నటన వైపే వెళ్లాలనిపించినా, అప్పటికి చేతిలో ఒక డిగ్రీ, గొంతులో పన్నెండేళ్ల సాధన ఉంటాయి. రేవడి అనే మాట ఆ పిల్లకు ఏ కోణంలోనూ అతకదు.

వచ్చే ఆదివారం మీ అత్తగారింటికి వెళ్లి వీణ తెచ్చేయండి. ఇన్ని నెలలు మూలనున్న వీణకు తీగలు మార్చాల్సి రావచ్చు, మేళం (మైనం మీద మెట్ల అమరిక) కూడా సరిచూపించాలి. తెలిసినవారి దగ్గరికి అమ్మాయిని కూడా వెంట తీసుకెళ్లండి. దారిలో గణితం గురించి అడగండి.