100 ఎకరాల నుంచి కుంటకు ఒక వానకు ఎంత నీరు వస్తుంది? అలుగు ఎంత పొడవు పెట్టాలి?

మీరు అడిగింది ఇదీ: ఊరి పైన దాదాపు 100 ఎకరాలు, సగం చెల్క (ఎర్ర ఇసుక నేల), మిగతాది గుట్ట, తుప్పలు. 60 మిల్లీమీటర్ల వాన పడితే కుంటకు ఎంత నీరు దిగుతుంది, అలుగు (కుంట నిండాక మిగులు నీరు పొర్లిపోయే చోటు) ఎంత పెట్టాలి అని. నేను దేవరకొండ వైపు వాటర్‌షెడ్ పనుల్లో కొన్నేళ్లు చేశాను. అచ్చం ఇలాంటి కుంట దగ్గరే నా లెక్క ఒకే ఏడాదిలో రెండుసార్లు తప్పింది. ఒకసారి ఎక్కువ చెప్పి, ఒకసారి తక్కువ చెప్పి.

100 ఎకరాలంటే సుమారు 40 హెక్టార్లు. హెక్టారు మీద ఒక మిల్లీమీటరు నీరంటే 10 క్యూబిక్ మీటర్లు. అంటే నేల మీద పారే ప్రతి మిల్లీమీటరుకూ మీ కుంటకు 400 క్యూబిక్ మీటర్లు, ఐదు వేల లీటర్ల ట్యాంకర్లయితే 80. ఇంతవరకు చిన్నపిల్లల లెక్క. పడిన 60లో ఎన్ని మిల్లీమీటర్లు పారతాయన్నదే చిక్కు.

దీనికి ఎక్కువగా వాడేది కర్వ్ నంబర్ పద్ధతి. నేల ఎంత పీలుస్తుంది, దాని మీద ఏముంది అన్నవి చూసి పట్టికలోంచి ఒక నంబరు తీసుకుంటాం. మొరం మీద పలుచటి చెల్క, కొంత బంజరు కలిపితే సగటున 80 దగ్గర వస్తుంది. 25,400ను ఆ నంబరుతో భాగించి, 254 తీసేయండి. 80కి 63.5 మి.మీ. వస్తుంది, అది నేల పట్టుకోగల నీరు. మన ఎర్ర నేలలకు అందులో 0.3 వంతు, అంటే 19 మి.మీ., మొదటే ఇంకిపోయి, గుంతల్లో ఆగిపోతుందని తీసుకుంటారు. వానలోంచి ఆ 19 తీసేసి, మిగిలినదాన్ని దానితోనే గుణించి, వానకు 63.5లో 0.7 వంతు కలిపిన మొత్తంతో భాగించాలి. 60 మి.మీ. వానకు 16 మి.మీ. వచ్చింది, అంటే 6,400 క్యూబిక్ మీటర్లు.

నేను కూడా సరిగ్గా ఇదే కాగితం రైతులకు చూపించి, ఒక్క పెద్ద వాన పడితే కుంట సగం నిండుతుందన్నాను. జూన్ చివర 60 మి.మీ. వాన పడనే పడింది. పొద్దున్నే పోయి చూస్తే శిఖంలో, అంటే నీళ్లు నిలిచే నేలలో, అక్కడక్కడ బురద గుంతలు, తూము గడప కూడా తడవలేదు. "సార్ లెక్క భూమి తాగేసింది" అని ఒక పెద్దాయన అన్నాడు. నిజంగానే తాగేసింది. అంతకుముందు ఐదు రోజుల్లో చినుకు లేదు. ఐదు రోజుల వాన 36 మి.మీ. లోపు ఉంటే నేల ఎండినట్టు లెక్క, 80 కాస్తా 63కు దిగుతుంది. అప్పుడు పారేది 1.4 మి.మీ. మాత్రమే, 560 క్యూబిక్ మీటర్లు.

శ్రావణంలో మూడు రోజులు ముసురు పట్టి 70 మి.మీ. దాకా పడ్డాక, నాలుగో రాత్రి మళ్లీ 60 కొట్టింది. ఐదు రోజుల్లో 53 దాటితే నంబరు 91కి ఎక్కుతుంది. ఈసారి 35 మి.మీ. పైన పారింది, 14,000 క్యూబిక్ మీటర్లు. అదే వాన, అదే నేల, ఇరవై అయిదింతల తేడా! అర్ధరాత్రి అలుగు దుంకి, చాలక పక్కనున్న కట్ట మీదుగా పొర్లింది. టార్చి వెలుగులో యూరియా సంచుల్లో ఇసుక నింపి వేశాం. రెండు గజాల కట్ట పోయింది, గండి పడలేదంతే.

ఆ అలుగు తప్పు కూడా నాదే. 60 మి.మీ. వాన కదా అని గంటకు 60 వేసి, నీరు పారే వంతు 0.35 తీసుకున్నాను. వంతు, వాన జోరు, హెక్టార్లు మూడూ గుణించి 360తో భాగిస్తే సెకనుకు 2.3 క్యూబిక్ మీటర్లు. అలుగు మీద 30 సెం.మీ. ఎత్తున నీరు పారితే మీటరు పొడవుకు 0.28 పోతుంది. అలా 8 మీటర్లు చాలనుకున్నాను. కానీ 900 మీటర్ల పొడవు, నూటికి ఒకటి వాలు ఉన్న చోట పై కొస నీరు కుంటను చేరడానికి పట్టేది 22 నిమిషాలే. ఆ 22 నిమిషాల్లో ఎంత జోరుగా పడుతుందో చూడాలి. గంటకు 90, తడి నేలకు 0.5 వేస్తే 5 క్యూబిక్ మీటర్లు, అలుగు 18 మీటర్లు. అంత చోటు లేకపోతే 40 సెం.మీ. ఎత్తుకు 12 మీటర్లు చాలు, కానీ కట్టను ఆ మేరకు లేపాల్సిందే.

ఇదంతా చేసే ముందు ఆ 100 ఎకరాలు కాళ్లతో తిరగండి. ఇస్రో వాళ్ల భువన్ మ్యాపులో గీసుకున్న గీత మంచిదే, కానీ రోడ్డు కట్ట కింద మోరీ ఎటు ఉందో అది చెప్పదు. మా దగ్గర ఓ గొర్రెల కాపరి చూపించేదాకా, పాతిక ఎకరాల నీరు మోరీ గుండా పక్క ఊరి ఒర్రెలోకి పోతోందని మాకెవరికీ తెలియదు. పైన ఎవరైనా ఫారం పాండ్లు తవ్వి ఉంటే వాటి నీటినీ తీసేయాలి, అవి నిండాక మాత్రం కాదు.

ఆ తర్వాతి ఏడాది నేను చేసిన పని ఒక్కటే. తూము రాయి మీద పది సెంటీమీటర్లకు ఒక తెల్ల గీత పెయింట్ వేశాను, స్కూలు డాబా మీద ఒక వానమాపకం పెట్టించాను. ప్రతి వానకూ నీరు ఎన్ని గీతలు ఎక్కిందో, అప్పుడు ఎంత విస్తీర్ణంలో నిలిచిందో రాసుకుంటే రెండు వానాకాలాల్లో మీ కుంటకు మీ నంబరే దొరుకుతుంది. మాకు 80 కాదు, 84 కుదిరింది. చెల్క మీద వాన దెబ్బకు పైన గట్టి పొర కడుతుంది కదా, అందుకే అనుకుంటా.

మీ అలుగు కింద రాయి ఉందా, మట్టేనా? దిగువన ఎవరి పొలం ఉంది? ఆ రెండూ రాస్తే పొడవు సంగతి ఇంకాస్త కచ్చితంగా చెప్పగలను.