ఈ ఆదివారం డేగను వేటకు వదలకు

చిరంజీవికి ఆశీస్సులు.

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. జబ్బుపడి లేచిన నీ వేట పక్షి, ఆ హారిస్ డేగ, మళ్లీ 950 గ్రాములకు వచ్చిందని, ఆదివారం వేటకు తీసుకెళ్తానని రాశావు. వద్దు నాయనా. ఇప్పటి 950, జబ్బుకు ముందున్న 950 ఒకటి కావు.

పస్తులున్న పక్షి ఒంట్లో కొవ్వు కరిగాక రొమ్ము కండ కూడా కరిగిపోతుంది. మేత మొదలుపెట్టగానే కొవ్వు తొందరగా వచ్చేస్తుంది. కండ మాత్రం రెక్కలు ఆడిస్తేనే వస్తుంది. కాటాకు ఈ తేడా తెలియదు, నీ వేళ్లకు తెలుస్తుంది. రోజూ ఒకే వేళకు, అరగని ఈకల ఉండ కక్కేశాక, మెడ కిందున్న మేత సంచి ఖాళీగా ఉన్నప్పుడు తూచు. వెంటనే రొమ్ము ఎముక తడిమి చూడు. కత్తి అంచులా తగిలితే ఇంకా బక్కగా ఉన్నట్టే. రెండు పక్కలా కండ గుండ్రంగా, గట్టిగా ఉండి, నడిమి గట్టు కొంచెమే వేలికి తగలాలి. రెండు సంగతులూ పక్కపక్కనే రాసిపెట్టుకో.

పైగా ఇది చలికాలం. రాత్రంతా ఒళ్లు వెచ్చగా ఉంచుకోవడానికే తిన్నదంతా ఖర్చయిపోతుంది. నిన్న సాయంత్రం సరిపోయిన మేత, ఇవాళ మంచు పడితే చాలదు. 950 గ్రాముల దగ్గర బాగా వేటాడే పక్షిని చలిలో 970, 980 దగ్గర ఉంచడం నాకు అలవాటు. మాట వినాలని ఆకలితో మాడ్చకు. కౌజు పిట్ట మాంసం బలమైనది, రోజూ కొంచెం పెట్టు. కుందేలు మాంసంలో కొవ్వు తక్కువ, అదొక్కటే అయితే ఈ చలికి ఆగదు. పావురం జోలికి పోకు, దాని నుంచి నోట్లో పుండ్ల జబ్బు అంటుకుంటుంది.

వయసులో ఉండగా నేను చేసిన తప్పు చెప్తాను. ఎముకల గూడులా ఉన్న ఆడ డేగ నా చేతికొచ్చింది. జాలేసి కౌజు పిట్టను ఈకలతో సహా పెట్టేశాను. అరిగించుకునే శక్తి దానికెక్కడిది? మాంసం మేత సంచిలోనే కుళ్లింది, తెల్లారేసరికి ప్రాణం పోయింది. నీ పక్షి మళ్లీ బక్కచిక్కితే ఎముకా ఈకా లేని చిన్న ముక్కలు గోరువెచ్చని నీళ్లలో ముంచి పెట్టు. సంచి ఖాళీ అయ్యాకే మళ్లీ పెట్టాలి. తిన్నది దిగకపోయినా, వాసన వచ్చినా, తిన్న మాంసం కక్కినా ఆ పూటే పక్షుల డాక్టర్ దగ్గరికి వెళ్లు. తెల్లారేదాకా ఆగకు.

హారిస్ డేగ వెచ్చని నేలల పక్షి. గడ్డకట్టే చలిలో రెక్కల కొసలు వాచి, ఆ చివరి ఈకలు శాశ్వతంగా పోవచ్చు. అందుకని రాత్రి ఈదురుగాలి తగలని పొడి గదిలో ఉంచు. స్నానం ఎండ ఉన్న రోజు పొద్దున్నే, చీకటి పడేలోపు పూర్తిగా ఆరాలి.

ఇక కసరత్తు. నేలమీద నుంచి, చెయ్యి పైకెత్తి, గ్లవ్ మీదికి నిట్టనిలువుగా ఎగరనివ్వు. ఎగిరిన ప్రతిసారీ గోరంత మాంసం ముక్క చాలు. మొదట పదిసార్లు. నోరు తెరిచి రొప్పితే ఆపి, ఎంతసేపటికి నోరు మూస్తుందో గడియారం చూసుకో. రోజురోజుకూ ఆ టైమ్ తగ్గుతుంటే కండ వస్తున్నట్టే. మెల్లగా యాభైకి తీసుకెళ్లు. ఆ తర్వాత కాలికి పొడవాటి తాడు కట్టి దూరం నుంచి పిలువు. తడబడకుండా వస్తేనే తాడు తీయాలి. దీనికి రెండు మూడు వారాలు పడుతుందని టెన్షన్ పడకు.

తొలి వేటకు పొద్దున్నే వెళ్లు. చలికాలం పగలు చిన్నది. మధ్యాహ్నం తిరిగాక వదిలితే, తప్పిపోయిన పక్షి ఖాళీ కడుపుతో చెట్టుమీద రాత్రంతా వణకాలి. పక్షి ఎక్కడుందో తెలిపే ట్రాన్స్‌మిటర్‌కు బ్యాటరీ కొత్తది వేసుకో. రొమ్ము ఎలా తగిలిందో వారం తర్వాత నాకు రాయి.