వెర్డీ ‘డాన్ కార్లో’: రికార్డింగులో 4 అంకాలు, లిబ్రెట్టోలో 5 ఎందుకు?

ఇటలీ స్వరకర్త వెర్డీ ఒపెరా ‘డాన్ కార్లో’ రికార్డింగులో 4 అంకాలే ఉన్నాయి, లిబ్రెట్టోలో (ఒపెరా పాటలు, మాటలు ఉండే పుస్తకంలో) 5 ఉన్నాయి, ఏదైనా ఎగిరిపోయిందా అని అడిగారు. మీ రికార్డింగులో ఏదీ ఎగిరిపోలేదు. అది 1884లో మిలాన్‌లో ఆడిన 4 అంకాల పాఠం, అంటే ఒపెరాకి ఒక రూపం. మీ చేతిలోని లిబ్రెట్టో 5 అంకాలది. లిబ్రెట్టో మూడో అంకంలో మీరు వెతికిన ఫిలిప్ రాజు పాట ‘ఎల్లా జమ్మాయ్ మమో’ అందుకే అక్కడ దొరకలేదు.

1. లిబ్రెట్టోలో మొదటి అంకం, అంటే ఫాంటెన్‌బ్లో అడవి, వదిలేయండి.
2. రికార్డింగు అంకానికి 1 కలపండి. ఫిలిప్ పాట నాలుగో అంకం మొదట్లోనే ఉంటుంది.
3. చాలామంది తడబడేది ఇక్కడే. అడవి అంకం తీసేసినా అందులోని కథానాయకుడు కార్లో పాట ‘ఇయో లా విది’ని వెర్డీ వదులుకోలేదు; దాన్ని కొంత మార్చి, రికార్డింగు మొదటి అంకంలోని మఠం దృశ్యంలోకి తెచ్చాడు. ఆ ఒక్క పాటకి మాత్రం వెనక్కి, లిబ్రెట్టో మొదటి అంకానికి వెళ్ళాలి. మాటలు అక్షరాలా కలవవు, కంగారు పడకండి.

లిబ్రెట్టో మీద సంవత్సరం కూడా చూడండి. 1886 మోడెనా పాఠమైతే మఠం దృశ్యం నుంచి హాయిగా సరిపోతుంది. 1867 పారిస్ పాఠమైతే ఫిలిప్, కార్లో స్నేహితుడు రోడ్రిగో కలిసి పాడే యుగళం కూడా తేడాగా ఉంటుంది, 1884 కోసం దాన్ని తిరగరాశాడు. అప్పుడు 4 అంకాల లిబ్రెట్టో తెచ్చుకోవడమే మేలు.